పాస్‌వర్డ్ మనం ఎంచకూడదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే విషయం మీద తీసుకున్నాం: పాస్‌వర్డ్‌ని తనంతట తానే తయారుచేసి ఇచ్చే జనరేటర్లు. విషయం రహస్యాలది కాబట్టి అడిగినవారి పేర్లు వేయడం లేదు, ఊరూ వృత్తీ మాత్రమే వేస్తున్నాం. ఒకరిద్దరు తాము వాడుతున్న పాస్‌వర్డే కాగితం మీద రాసి పంపి ‘ఇది గట్టిదేనా?’ అని అడిగారు. ఆ ఉత్తరాలు చింపేశాం. ఆ పాస్‌వర్డ్‌లు ఎంత గట్టివైనా ఇక పనికిరావు, వెంటనే మార్చేసుకోండి.

ప్రశ్న: మా చెరువున్న ఊరి పేరు, మొదటి అక్షరం క్యాపిటల్. తర్వాత బండి నంబరు నాలుగంకెలు. చివర ‘ఎట్’ గుర్తు, 123. ఎక్కడ పెట్టినా ఆకుపచ్చ గీత వచ్చి ‘స్ట్రాంగ్’ అంటోంది. మా అబ్బాయి మాత్రం ఇది పనికిరాదు, జనరేటర్‌తో చేయించు అంటున్నాడు. ఎవరి మాట వినాలండి?
— ఆక్వా రైతు, ఉండి

జవాబు: అబ్బాయి మాటేనండి. ఆ గీత చూసేది పొడవెంత, క్యాపిటల్ ఉందా, అంకె ఉందా, గుర్తు ఉందా అన్నంతవరకే. పాస్‌వర్డ్‌ని మీరెలా ఎంచారో దానికి తెలియదు. దొంగకు తెలుసు.

దొంగ మీ లాగిన్ పేజీ ముందు కూర్చుని ఒక్కొక్కటే కొట్టి చూస్తాడనుకుంటాం. అలా కాదు. ఏదో ఒక వెబ్‌సైటు నుంచి ఖాతాల పట్టిక మొత్తం బయటికి పోతుంది. అందులో పాస్‌వర్డ్‌లు హాష్ రూపంలో, అంటే మరపట్టిన పిండిలా ఉంటాయి. పిండి నుంచి గింజను వెనక్కి తేలేం. కానీ రకరకాల గింజలు ఆడించి, ఏ పిండి దీనితో సరిపోతుందో పోల్చి చూడొచ్చు. పాత ఎండీ5 పద్ధతిలో దాచిన హాష్‌లైతే మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకు 10,000 కోట్లకు పైగా పోల్చేస్తుంది. సైటు బీక్రిప్ట్‌లాంటి నిదానపు పద్ధతి వాడితే ఆ వేగం ఎన్నో లక్షల రెట్లు పడిపోతుంది. అయితే ఏ సైటు ఏది వాడుతోందో మనకు చెప్పరు కదా. అందుకే లెక్క చెడ్డ సైటుకే కట్టుకోవాలి.

ఇప్పుడు మీ పాస్‌వర్డ్ సంగతి. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, దేవుళ్ల పేర్లు కలిపి 50 వేలు అనుకోండి. నాలుగంకెలు 10 వేల రకాలు. చివర తగిలించే తోకలు (123, 786, ఆశ్చర్యార్థకం వగైరా) వెయ్యి అనుకుందాం. మూడూ గుణిస్తే 50,000 కోట్లు. పై వేగానికి ఐదు సెకన్ల పని. ఇందులో మీ ఊరు దొంగకు తెలియనక్కర్లేదు, మీ మీద కక్ష ఉండనక్కర్లేదు. పేరు, అంకెలు, తోక అన్న అచ్చు అందరూ వాడేదే, అందుకే ముందు దాన్నే ప్రయత్నిస్తారు.

యంత్రం ఎంచితే ఏమవుతుందో చూడండి. ఇంగ్లిష్ కీబోర్డు మీద కొట్టగలిగినవి 94: చిన్నక్షరాలు 26, క్యాపిటల్స్ 26, అంకెలు 10, గుర్తులు 32. ఒక్కో చోటికి ఆ 94లో ఒకదాన్ని గుడ్డిగా తీస్తే, ఎనిమిది అక్షరాలకు దాదాపు 61 కోటి కోట్ల రకాలు. అదే వేగానికి 17 గంటలు. అంటే గుడ్డిగా తీసినా ఎనిమిది చాలవు. పన్నెండుకి లక్షన్నర ఏళ్లు దాటుతుంది. పదహారు పెట్టేసుకుంటే ఇక ఆ లెక్క మరిచిపోవచ్చు.

క్యాపిటల్, అంకె, గుర్తు తప్పనిసరి అన్న నియమం ఎక్కడిదంటే, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో వెలువరించిన మార్గదర్శకాలది. వాటిని రాసిన బిల్ బర్ 2017లో ఆ సలహాల్లో చాలావాటికి చింతిస్తున్నానన్నారు. అదే ఏడు నిస్ట్ కూడా ఆ నియమాలను వదిలేసింది. మన సైట్లు ఇంకా పట్టుకు వేలాడుతున్నాయి, ఆకుపచ్చ గీతలతో సహా.

చేయాల్సింది: పాస్‌వర్డ్‌లను తయారుచేసి, తాళంవేసి దాచే యాప్‌ని పాస్‌వర్డ్ మేనేజర్ అంటారు. అలాంటిదొకటి, ఫోన్‌లో బిట్‌వార్డెన్‌గానీ కీపాస్‌డీఎక్స్‌గానీ వేసుకోండి. రెండింటి కోడూ అందరికీ తెరిచి ఉంచినదే. జనరేటర్ తెరిచి పొడవు 16కి జరపండి, నాలుగు రకాల అక్షరాలూ టిక్ పెట్టండి, వచ్చినదాన్ని అక్కడే సేవ్ చేసి, తర్వాతే సైటులో మార్చండి. ఈ వరస తప్పితే సైటులో కొత్తది పడుతుంది, మీ దగ్గర ఉండదు. ముందు మార్చాల్సింది బ్యాంకుది కాదు, ఈమెయిల్‌ది. మిగతా అన్నిటి ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ లింకులూ అక్కడికే వస్తాయి. తర్వాత బ్యాంకు. తర్వాత ఏరేటర్లు ఆన్ చేసే యాప్. అది పోతే పోయేది డబ్బు కాదు, తెల్లారేసరికి చెరువులో ఆక్సిజన్.

ప్రశ్న: ప్రాజెక్టుగా పాస్‌వర్డ్ జనరేటర్ రాశాను. పైథాన్‌లో ర్యాండమ్ మాడ్యూల్ వాడి, ప్రస్తుత సమయాన్ని సీడ్‌గా ఇచ్చాను. వెబ్ పేజీ కోసం జావాస్క్రిప్ట్‌లో ఒక్కో బైటు తీసుకుని 62తో భాగించి శేషాన్ని బట్టి అక్షరం ఎంచాను. సైట్లు ఒప్పుకోవాలని మొదటిది క్యాపిటల్, చివరి రెండూ అంకె, గుర్తు వచ్చేలా చేశాను. బాగానే పనిచేస్తోంది. మా సార్ మాత్రం ‘మూడు తప్పులున్నాయి, కనుక్కో’ అన్నారు.
— ఇంజనీరింగ్ విద్యార్థి, అమలాపురం

జవాబు: మూడూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది మొదటిదే.

సీడ్ అంటే అచ్చంగా విత్తనమే. మార్టేరు 7029 వరి నారు పోసిన మడిలో ఇంకో రకం మొలవదు; ఒకే సీడ్ ఇస్తే ర్యాండమ్ మాడ్యూల్ ప్రతిసారీ అదే వరస సంఖ్యలు ఇస్తుంది. మీరు సమయాన్ని సెకన్లలో ఇచ్చారనుకుంటే, ఏడాదికి ఉన్నవి సుమారు 3 కోట్ల 15 లక్షల సెకన్లు. అంటే ఏడాది పొడవునా మీ ప్రోగ్రాం పుట్టించగల పాస్‌వర్డ్‌లు అన్నే. పొడవు 16 పెట్టినా, 60 పెట్టినా అన్నే. ఖాతా తెరిచిన తేదీ తెలిస్తే 86,400. ఇది విద్యార్థులు మాత్రమే చేసే పొరపాటు కాదు. కాస్పర్‌స్కీ పాస్‌వర్డ్ మేనేజర్ జనరేటర్ కూడా గడియారంలోని సెకనునే సీడ్‌గా వాడిందని 2021లో లోకానికి తెలిసింది. అంతకుముందు డెబియన్ లినక్స్‌లో 2006లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం కోడులోంచి అనవసరమనుకుని తీసేసిన భాగం వల్ల, తాళపుచెవుల తయారీకి నడుస్తున్న ప్రోగ్రాంకి సిస్టమ్ ఇచ్చే ప్రాసెస్ నంబరు ఒక్కటే ఆధారంగా మిగిలింది. ఆ నంబరు 32,768 దాటదు. 2008 మే దాకా ఎవరూ గమనించలేదు. ఇలాంటి తప్పు కంటికి కనపడదన్నదే ఇందులో చిక్కు. బయటికొచ్చే అక్షరాలు చూడ్డానికి ఎప్పుడూ గజిబిజిగానే ఉంటాయి, అందుకే మీకూ ‘బాగానే పనిచేస్తోంది’ అనిపించింది.

సీడ్ ఇవ్వడం మానేసినా ర్యాండమ్ మాడ్యూల్ దీనికి తగదు. దాని లోపల ఉన్నది మెర్సెన్ ట్విస్టర్ అనే లెక్కల సూత్రం. అది ఇచ్చే 32 బిట్ల సంఖ్యలు 624 వరసగా చూసినవాడు తర్వాత రాబోయేవన్నీ లెక్కగట్టేస్తాడు. ఆటలకి, సిమ్యులేషన్లకి అది చక్కటిదే. పాస్‌వర్డ్‌కి పైథాన్ 3.6 నుంచి సీక్రెట్స్ అనే మాడ్యూల్ ఉంది. అందులోని చాయిస్ వాడండి. బ్రౌజర్లో మ్యాథ్ డాట్ ర్యాండమ్ జోలికి పోకుండా క్రిప్టో డాట్ గెట్‌ర్యాండమ్‌వాల్యూస్ వాడండి. ఇవి ఆపరేటింగ్ సిస్టమ్ పోగుచేసిన యాదృచ్ఛికతను అడిగి తెచ్చుకుంటాయి. సీడ్ ఇచ్చే అవకాశమే మీకుండదు, అదే మంచిది.

రెండో తప్పు శేషంలో ఉంది. బైటుకి 256 విలువలు. 62 × 4 = 248, మిగిలినవి 8. కాబట్టి మీ పట్టికలో మొదటి ఎనిమిది అక్షరాలకు ఐదేసి అవకాశాలు, మిగతా 54కి నాలుగేసి. రేపు గుర్తులు కూడా కలిపి 94 చేస్తే ఇంకా వికారంగా ఉంటుంది: 68 అక్షరాలకు మూడేసి, 26కి రెండేసి. విరుగుడు తేలికే. 62కైతే 248, ఆపై వచ్చిన బైట్లను పారేసి మళ్లీ తీయండి. 94కైతే 188, ఆపైవి పారేయండి. సీక్రెట్స్ చాయిస్ ఈ జాగ్రత్త తనే తీసుకుంటుంది. నిజానికి ఈ తప్పు వల్ల పోయే బలం కొద్దిపాటిదే. అయినా మొదటి ఎనిమిది అక్షరాలు ఎక్కువ కనపడితే, రాసినవాడికి పని తెలియదని చూసినవాడికి తెలిసిపోతుంది.

మూడోది చోటు కట్టేయడం. ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్‌నే చూడండి. మొదటిది క్యాపిటల్, నడుమ ఐదు చిన్నక్షరాలు, చివర అంకె, గుర్తు అనుకుంటే 26 × 26 × 26 × 26 × 26 × 26 × 10 × 32. చేసి చూడండి, 9,885 కోట్లు వస్తుంది. పై జవాబులో చెప్పిన గ్రాఫిక్స్ కార్డుకి ఒక్క సెకను. గుడ్డిగా తీసిన ఎనిమిదికి 17 గంటలు పట్టిందని గుర్తుంచుకోండి. సైటు నియమం కోసం చేయాల్సింది ఇది: ముందు పాస్‌వర్డ్ మొత్తం ఏ నియమమూ లేకుండా తీయండి. అందులో అంకె లేకపోతే అంకె ఇరికించకండి. మొత్తం పారేసి మొదటి నుంచి ఇంకోటి తీయండి. పదహారు అక్షరాలకు ఒకటి రెండు సార్లలోనే నియమానికి సరిపోయేది దొరుకుతుంది.

ప్రశ్న: మాది ఇంటర్నెట్ సెంటరండి. పింఛను, పాన్, స్కాలర్‌షిప్ పనులకొచ్చేవాళ్లు ‘పాస్‌వర్డ్ కూడా నువ్వే పెట్టు బాబూ’ అంటారు. వెబ్‌సైటులో జనరేటర్ తెరిచి, వచ్చింది కాపీ చేసి, ప్రింటు తీసి ఇచ్చేస్తున్నాను. తప్పేమైనా ఉందా?
— నెట్ సెంటర్ నిర్వాహకుడు, రావులపాలెం

జవాబు: మీ ఉద్దేశం మంచిదే. కానీ ఆ పాస్‌వర్డ్ కాగితం మీదికి చేరేలోగా నాలుగు చోట్ల మిగిలిపోతోంది.

మొదట ఆ వెబ్‌సైటు. పాస్‌వర్డ్‌ని మీ బ్రౌజర్లోనే తయారుచేస్తోందా, తన సర్వర్లో చేసి పంపుతోందా? చూడ్డానికి చిన్న పరీక్ష: పేజీ తెరుచుకున్నాక నెట్ కేబుల్ పీకేసి ‘జనరేట్’ నొక్కండి. కొత్తది రాకపోతే అది సర్వర్లో పుడుతోందన్నమాట, వదిలేయండి. వచ్చినా పూర్తి భరోసా కాదు. నెట్ తిరిగొచ్చాక అది ఎక్కడికైనా పంపితే మీకు తెలియదు. సిస్టమ్‌లో కీపాస్‌ఎక్స్‌సీ అనే పాస్‌వర్డ్ మేనేజర్ వేసుకుంటే ఈ బెడదే లేదు. పైన పాచిక బొమ్మ నొక్కితే జనరేటర్ వస్తుంది, నెట్ లేకపోయినా నడుస్తుంది.

రెండోది కాపీ. విండోస్‌లో విండోస్ మీట, వీ మీట కలిపి నొక్కి చూడండి. క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్‌లో ఉంటే పొద్దుటినుంచి వచ్చినవాళ్ల పాస్‌వర్డ్‌లన్నీ వరసగా కనపడతాయి. మీ తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా కనపడతాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, క్లిప్‌బోర్డ్ దగ్గర దాన్ని ఆపేయండి. కీపాస్‌ఎక్స్‌సీలోంచి కాపీ చేస్తే పది సెకన్లకు తనే తుడిచేస్తుంది. మూడోది బ్రౌజర్ అడిగే ‘సేవ్ పాస్‌వర్డ్?’. షాపు సిస్టమ్‌లో ఆ ప్రశ్న రాకుండానే సెట్టింగ్స్‌లో ఆపేసి, పరాయివాళ్ల పనులన్నీ ఇన్‌కాగ్నిటో కిటికీలో చేయండి. నాలుగోది ప్రింటుకోసం తెరిచిన వర్డ్ ఫైలు. దాన్ని సేవ్ చేయకపోయినా ఆటోరికవరీ కాపీ మిగలొచ్చు. ప్రింటు మానేసి చేత్తో రాయించండి.

అన్నిటికన్నా మేలు, వాళ్ల ఫోన్లోనే, వాళ్ల చేతనే జనరేట్ చేయించడం. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకు పెద్ద పని కాదు. ఐఫోనైతే పాస్‌వర్డ్ పెట్టే చోట తనే ఒకటి చూపిస్తుంది. ఆరేసి అక్షరాల మూడు గుంపులు, మధ్యలో రెండు అడ్డగీతలు. ఒక క్యాపిటల్, ఒక అంకె తప్ప అన్నీ చిన్నక్షరాలు. దాని బలం 71 బిట్లు (ఒక్కో బిట్ పెరిగితే దొంగ పోల్చాల్సినవి రెట్టింపవుతాయి), వీళ్ల అవసరాలకు చాలు. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ కూడా ఇలాగే సూచిస్తుంది.

కాగితం మీద రాయక తప్పనప్పుడు ఇంకో ఇబ్బంది. సున్నాకీ క్యాపిటల్ ‘ఓ’కీ, ఒకటికీ స్మాల్ ‘ఎల్’కీ క్యాపిటల్ ‘ఐ’కీ తేడా తెలియక రెండోరోజే తిరిగొస్తారు. జనరేటర్లో ‘ఒకేలా కనపడేవి వద్దు’ అనే టిక్ ఉంటుంది, పెట్టండి. ఆ ఐదూ తీసేస్తే 62 అక్షరాల్లో 57 మిగులుతాయి, అక్షరానికి 5.95 బిట్లకు బదులు 5.83. తగ్గినట్టే లెక్కకాదు. గుర్తులు మానేసి పొడవు 16 చేసి, నాలుగేసి అక్షరాలకు ఎడం ఇచ్చి రాయండి. ఎడం చదవడానికే, కొట్టేటప్పుడు అక్కర్లేదని కూడా చెప్పండి. లేకపోతే కొట్టేస్తారు.

ప్రశ్న: పాస్‌వర్డ్ మేనేజర్‌కే ఒక పెద్ద పాస్‌వర్డ్ కావాలట. అది మాత్రం నేనే కంఠస్థం చేయాలట. పదహారు గజిబిజి అక్షరాలు ఈ వయసులో నాకు నిలవవు. తెలుగు మాటలతో చేసుకోవచ్చా? పాచికలు వేసి మాటలు ఎంచే పద్ధతి ఉందని విన్నాను. ఇంట్లో అష్టాచెమ్మా గవ్వలున్నాయి, అవి పనికొస్తాయా?
— విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, మీరు విన్నది డైస్‌వేర్. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో పెట్టిన పద్ధతి. పాచిక ఐదుసార్లు వేస్తే 7,776 రకాల ఫలితాలు. అన్ని మాటల పట్టికలోంచి, పడిన అంకెలను బట్టి ఒక మాట. అలా ఆరు మాటలు. బలం 77.5 బిట్లు, అంటే గుడ్డిగా తీసిన పన్నెండు అక్షరాలకు దాదాపు సమానం. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2016లో తేలికైన మాటలతో ఇంగ్లిష్ పట్టిక ఒకటి ఇచ్చింది.

తెలుగు మాటలకు అంత పెద్ద పట్టిక అక్కర్లేదు. లెక్క ఇలా చూడండి: బలం పట్టికలో లేదు, పాచికలో ఉంది. ఒక్కో వేతకి 2.58 బిట్లు. ఎలా పంచినా 30 సార్లు వేస్తే 77.5 బిట్లు వచ్చేస్తాయి. ఐదేసి వేతల ఆరు మాటలైనా, మూడేసి వేతల పది మాటలైనా ఒకటే.

కాబట్టి మీరు 216 మాటల పట్టిక రాసుకుంటే చాలు. నోటు పుస్తకంలో ఆరు పేజీలు. ఒక్కో పేజీలో అడ్డం ఆరు, నిలువు ఆరు గళ్లు. గడికో మాట: రేవు, గట్టు, లంక, లాకు, బోదె, పంటు, పులస, పొట్టెక్క, కాజా, కొబ్బరి... మీ ఇంటి చుట్టూ ఉన్నవే. మొదటి వేత పేజీ, రెండోది వరస, మూడోది గడి. ఇలా పదిసార్లు. మాటల మధ్య అడ్డగీత పెట్టండి; లేకపోతే ‘పాల’ తర్వాత ‘కూర’ పడితే ‘పాలకూర’తో కలిసిపోతుంది. పట్టిక దొంగ చేతిలో పడినా ఫర్వాలేదు, ఏ పది పడ్డాయో తెలియనంతవరకు.

పడినవి పడినట్టే ఉంచాలి. ‘ఈ వరస బాలేదు, ఇంకోసారి’ అనుకుంటూ ఎనిమిది వరసలు వేసి నచ్చినది ఎంచుకుంటే మూడు బిట్లదాకా పోతాయి. అది చిన్న నష్టమే. మాటలు అటూ ఇటూ జరిపి అర్థవంతమైన వాక్యం చేస్తే మాత్రం చాలా పోతుంది. అర్థంలేని వరసకు అర్థమున్న కథ కల్పించుకోండి, వరసను ముట్టుకోకండి. పద్యాలకు అన్వయం చెప్పిన మీకు పది మాటల్ని కథగా కట్టడం ఏపాటిది! మొదటి వారం రోజుకు రెండుసార్లు కొట్టి చూస్తే చేతికి వచ్చేస్తుంది. శతకాల్లోని పద్యపాదం మాత్రం వాడొద్దు. అచ్చులో ఉన్న వాక్యాలన్నీ ముందుగానే పోల్చి చూసేవాళ్లున్నారు.

ఆ మాటల్ని తెలుగు లిపిలో కొట్టకండి, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. ఎందుకంటే లాగిన్ చేసే ప్రతిచోటా తెలుగు కీబోర్డు ఉండదు. ఉన్నా చిక్కే. ఐత్వాన్నే తీసుకోండి, యూనికోడ్‌లో అది ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వానికి కింద తోక తగిలించి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటరుకి వేరు పాస్‌వర్డ్‌లు. ఇంగ్లిష్ అక్షరాల్లోనూ ‘చెట్టు’ని ఇద్దరు రెండు రకాలుగా రాస్తారు. అందుకే పట్టికలోనే ప్రతి మాట పక్కన ఇంగ్లిష్ స్పెల్లింగు రాసి పెట్టుకోండి, మొత్తం చిన్నక్షరాల్లో. అదే ప్రమాణం.

ఇక గవ్వలు. ఆటకు బాగుంటాయి గానీ దీనికి అలాగే వాడకూడదు. నాలుగు గవ్వల్లో ఒకటి, రెండు, మూడు, చెమ్మా, అష్టా అని ఐదే ఫలితాలు. గవ్వ బోర్లా పడటం, వెల్లకిలా పడటం సమానమే అనుకున్నా, రెండు పడేది 16లో ఆరుసార్లు, అష్టా పడేది ఒక్కసారి. పైగా గవ్వకి వీపు ఉబ్బు, కడుపు చదును. అసలే సమానం కాదు. అయినా వంకర గవ్వనుంచి నిక్కమైన ఫలితం రాబట్టే ఉపాయం జాన్ వాన్ నాయ్‌మన్ 1951లో చెప్పాడు. ఒకే గవ్వను రెండుసార్లు వేయండి. వెల్లకిలా తర్వాత బోర్లా పడితే 1, బోర్లా తర్వాత వెల్లకిలా పడితే 0 అని రాసుకోండి. రెండూ ఒకేలా పడితే పారేయండి. గవ్వ ఎంత వంకరైనా 1కీ 0కీ అవకాశం సమానం, ఎందుకంటే రెండింటిలోనూ ఒక వెల్లకిలా, ఒక బోర్లా ఉన్నాయి. ఖర్చు మాత్రం ఎక్కువ. ఒక్క బిట్‌కి సగటున నాలుగు వేతలకు తగ్గదు, 78 బిట్లకు 300 దాటుతాయి. సంక్రాంతి మధ్యాహ్నం మనవలతో కూర్చుంటే తెమలొచ్చు. తొందరైతే లూడో డబ్బాలో పాచిక తీసుకోండి, 30 వేతల్లో అయిపోతుంది.

ప్రశ్న: మాది లంక గ్రామం. గోదావరి పెరిగితే ఇల్లు సర్దుకుని గట్టు మీదికి రావాల్సిందే. ఫోన్ నీళ్లలో పడితే అందులో దాచిన పాస్‌వర్డ్‌లన్నీ పోయినట్టేనా? పుస్తకంలో రాసుకోవడమే నయం అనిపిస్తోంది.
— గృహిణి, పి.గన్నవరం దగ్గర

జవాబు: రెండూ ఉండాలండి. బిట్‌వార్డెన్‌లాంటివైతే ఖాతా వాళ్ల సర్వర్లో తాళంవేసి ఉంటుంది. కొత్త ఫోన్లో మళ్లీ వేసుకుని పెద్ద పాస్‌వర్డ్ కొడితే అన్నీ వచ్చేస్తాయి. ఆ పెద్ద పాస్‌వర్డ్ మరిచిపోతే మాత్రం వాళ్లు కూడా ఏమీ చేయలేరు. కీపాస్ రకమైతే అన్నీ ఒక ఫైలులో ఉంటాయి. అది ఫోన్లో మాత్రమే ఉంటే ఫోన్‌తోపాటే పోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ వేసి గట్టు అవతల, బంధువుల ఇంట్లో ఉంచండి. పెద్ద పాస్‌వర్డ్ లేకుండా ఆ ఫైలు వాళ్లు తెరవలేరు కాబట్టి భయం లేదు. కొత్తవి చేర్చినప్పుడల్లా కాపీ మార్చాలి. ఏటా జూన్‌లో, ఏరు రాకముందే, ఒకసారి చూసుకోవడం తేలిక.

కాగితం మీద రాయాల్సినవి మూడే: పెద్ద పాస్‌వర్డ్, ఈమెయిల్ పాస్‌వర్డ్, రెండంచెల లాగిన్‌కి ఇచ్చే రికవరీ కోడ్‌లు. జెల్ పెన్ను, ఇంకు పెన్ను వద్దు, తడిస్తే చెదిరిపోవచ్చు. బాల్ పెన్నుగానీ పెన్సిలుగానీ నిలుస్తాయి. జిప్ కవర్లో పెట్టి, పాసుపుస్తకాలు, ఆధార్ ఉన్న సంచిలోనే ఉంచండి. ఇల్లు విడిచేటప్పుడు చేతికందేది ఆ సంచే. ఏ కాగితం ఏ ఖాతాదో మాత్రం దాని మీద రాయొద్దు.

ప్రశ్న: మా మిల్లు వాడే ఒక సైటు 20 అక్షరాల పాస్‌వర్డ్ తీసుకుంది, మళ్లీ లాగిన్ చేస్తే తప్పంటోంది. ఇంకొకటి గుర్తులు ఒప్పుకోదు. మూడోది 30 రోజులకోసారి మార్చమంటుంది.
— రైసు మిల్లు గుమాస్తా, మండపేట

జవాబు: మొదటిది కోసేస్తోంది. పాస్‌వర్డ్ పెట్టే పేజీ 16 దగ్గర కత్తిరించి దాచుకుంటుంది, లాగిన్ పేజీ 20 పంపుతుంది, రెండూ కలవవు. మొదటి 16 మాత్రమే కొట్టి చూడండి. లేదా 12, 15. ఏదో ఒకటి తగులుతుంది. తగిలిన పొడవుకే కొత్తది జనరేట్ చేసుకోండి. దీనికి తలకిందులు కూడా ఉంది: లాగిన్ అవుతున్న పాస్‌వర్డ్‌లో చివరి అక్షరం మార్చి కొట్టినా లోపలికి రానిస్తే, ఆ సైటు చెప్పకుండా కోసేస్తోందని అర్థం. బీక్రిప్ట్ కూడా 72 బైట్ల తర్వాత పట్టించుకోదు. ఇంగ్లిష్ అక్షరాల్లో అది 72, తెలుగు లిపిలో అక్షర సంకేతానికి మూడు బైట్లు కాబట్టి 24కే అయిపోతుంది.

గుర్తులు ఒప్పుకోనిచోట పొడవు పెంచండి. అక్షరాలు, అంకెలతోనే 16 అయితే 95 బిట్లు. కొన్ని సైట్లు పేస్ట్ చేయనివ్వవు. మేనేజర్‌లో ఆటో టైప్ ఉంటే అది అక్షరాలు తనే కొడుతుంది.

30 రోజుల మార్పు వల్ల జనం చివరి అంకె పెంచుకుంటూ పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. నిస్ట్ 2017లోనే వద్దంది. మీరు తప్పించుకోలేరు కాబట్టి ప్రతిసారీ పూర్తిగా కొత్తది జనరేట్ చేయండి, కొట్టేది మీరు కాదు కదా.

ప్రశ్న: లేసు ఆర్డర్ల డబ్బు ఫోన్ పేమెంట్లలోనే వస్తోంది. యూపీఐ పిన్ కూడా జనరేటర్‌తో పెట్టాలా? నాలుగంకెలే కదా, దొంగ సెకనులో కనిపెట్టడా?
— లేసు అల్లకందారు, నరసాపురం

జవాబు: పిన్ లెక్క వేరమ్మా. నాలుగంకెలకు 10,000 రకాలే గానీ, కొన్నిసార్లు తప్పు కొడితే బ్యాంకు ఆపేస్తుంది. కాబట్టి దొంగకు దొరికేవి రెండు మూడు ప్రయత్నాలే. ఆ రెండు మూడింటిలో తగలకుండా ఉంటే చాలు: పుట్టిన సంవత్సరం, పెళ్లి తేదీ, 1234, ఫోన్ నంబరు చివరంకెలు వద్దు. బ్యాంకు ఆరంకెలు ఇస్తే ఆరే పెట్టండి.

పాచికతోనే తీయొచ్చు. ఒక్కో అంకెకు రెండు వేతలు. మొదటి వేత 1, 2, 3 పడితే సున్నా, 4, 5, 6 పడితే ఐదు. రెండో వేతలో ఒకటి తీసేసి దానికి కలపండి. ఆరు పడితే ఆ రెండో వేత మళ్లీ వేయండి. మొదట 5, తర్వాత 3 పడ్డాయనుకోండి: ఐదు, రెండు, ఏడు.

ఎంత బాగా తీసిన పిన్ అయినా అడిగినవాడి కోసం కొడితే లాభం లేదు. ఆర్డరు డబ్బు మీకు రావడానికి పిన్ అక్కర్లేదు. ‘అడ్వాన్సు వేస్తున్నాను, పిన్ కొట్టండి’ అంటే అది మీ డబ్బు పోయే దారే. కొట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకి.